పేరు పెరిగింది... మరి పర్సు?

"మావారికి ప్రమోషనొచ్చిందండీ!" అని ఎవరైనా చెబితే మన నోట వచ్చే మొదటి మాట "స్వీట్లేవీ?" రెండో మాట "ఇప్పుడు ఏమయ్యారు?" మూడోది కాస్త గొంతు తగ్గించి, "ఎంత పెరిగిందేమిటి?" చూశారా, ముందు అడగాల్సింది ఆఖర్న, అదీ మొహమాటపడుతూ అడుగుతాం. కొందరైతే బాగుండదని అదీ అడగరు. ఇంట్లోవాళ్లం మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు చెప్పండి! ఈమధ్య చాలా ప్రమోషన్లు బోర్డు మార్చిన హోటల్లా ఉంటున్నాయి. పేరు కొత్తది, సాంబారు పాతదే.

పేరుకి విలువే లేదని నేననడం లేదు సుమండీ. రైళ్లలో ఆఖరి పెట్టెలో పచ్చజెండా పట్టుకుని నిలబడే గార్డుగారు తెలుసుగా? 2022 జనవరి నుంచి ఆయన 'ట్రైన్ మేనేజరు'. జీతం మారలేదు, డ్యూటీ మారలేదు, సీనియారిటీ మారలేదు. ఆ సంగతి ఆర్డరులోనే చెప్పేశారు. అయినా అది ఉద్యోగులు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్న మార్పు. గార్డు అనగానే బయటివాళ్లకి ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ గార్డు గుర్తొస్తాడు. పిల్లకి సంబంధాలు చూసేటప్పుడు "నాన్నగారేం చేస్తారు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ, ఆ తర్వాత "అంటే సెక్యూరిటీ కాదండీ, రైల్వేలో..." అని వివరించీ విసిగిపోయిన ఇల్లాళ్లకి ఆ కొత్త పేరు ఎంత ఊరటో! అలాగే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ప్యూను 'మల్టీ టాస్కింగ్ స్టాఫ్' అయ్యాడు. మన దగ్గర అటెండరు 'ఆఫీస్ సబార్డినేట్' అయ్యాడు. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ ముందు ట్రాక్‌మన్ అయి, తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు. చేతిలో సుత్తి బరువు మాత్రం అదే.

వీటిలో దాపరికం లేదు. పేరు ఒక్కటే మారుస్తున్నామని ముందే చెప్పారు. నా గొడవల్లా, పేరు ఇచ్చి డబ్బు కూడా ఇచ్చినట్టు భ్రమ పెట్టే వాటితోనే.

మా వీధిలో ఒక టీచరమ్మ ఉంది. ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతోంది. ఒక జూన్ నెలలో కరస్పాండెంటుగారు రూములోకి పిలిచి "మేడమ్, ఈ ఏడాది నుంచి మీరు వైస్ ప్రిన్సిపాల్" అన్నారట. తలుపుకి పేరు రాసిన పలక కూడా కొట్టించారు. ఇంటికొచ్చేసరికి వాళ్లాయన "ఏమోయ్ వైస్ ప్రిన్సిపాలూ! కాఫీ ఇస్తావా, అప్లికేషను పెట్టుకోమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. అత్తగారు ఆ సాయంత్రమే ఆడపడుచులందరికీ ఫోన్లు చేసి చెప్పారు. జీతం పదహారు వేలుండేది, పదహారు వేల అయిదొందలైంది.

ఇక పని సంగతి వినండి. వారానికి ఆరు క్లాసులు తగ్గాయి. వాటి బదులు పొద్దున్న ఏడుంపావుకల్లా బస్సులు వచ్చే గేటు దగ్గర నిలబడాలి. సాయంత్రం ఆఖరి బస్సు కదిలేదాకా ఉండాలి. ఏ టీచరు రాకపోయినా ఆ క్లాసుకి తనే వెళ్లాలి. ఫీజు కట్టని పిల్లల ఇళ్లకి ఫోన్లు చెయ్యాలి. అంతకుముందు అది క్లర్కు పని, ఇప్పుడు "మేడమ్ చెబితే వింటారు" అని తన నెత్తిన పెట్టారు. రాత్రి తొమ్మిదింటికి అన్నాలు పెడుతుంటే వాట్సాప్‌లో "మేడమ్, మా బాబు వాటర్ బాటిల్ కనిపించలేదు" అని ఒక తల్లి!

లెక్కల టీచరే కదా, ఒకరోజు మా ఇంట్లో చిక్కుడుకాయలు వలుస్తూ తనే లెక్క వేసింది. రోజుకి రెండు గంటలు అదనం. నెలకి పాతిక రోజులు. అంటే 50 గంటలు. పెరిగింది 500. గంటకి పది రూపాయలు! అంట్లు తోమడానికి వచ్చే మనిషికి గంటకి పది రూపాయలిస్తానని చెప్పి చూడండి, మొహం మీదే నవ్వి గేటు వేసి వెళ్లిపోతుంది.

ఇంకో లెక్క ఉంది, అది మనకి మాత్రమే తెలిసేది. ఆ 50 గంటలూ ఎక్కణ్నుంచి వచ్చాయి? ఆకాశం నుంచి ఊడిపడవు కదా. అయిదింటికి లేచే మనిషి నాలుగుంపావుకి లేవడం మొదలెట్టింది. రుబ్బు మానేసి పిండి ప్యాకెట్లు కొంటోంది. సాయంత్రం కుక్కరు పెట్టే పని ఇంటర్ చదివే కూతురి మీద పడింది. చివరికి ఒక పనిమనిషిని కుదుర్చుకుంది, నెలకి రెండు వేలు. ప్రమోషనుకి ముందు లేని రెండు వేల ఖర్చు, ప్రమోషను తెచ్చిన అయిదొందలు. మిగతా పదిహేను వందలూ తలుపు మీద పలకకి అద్దె అనుకోవాలి!

అయితే ఆవిడ ఆ పదవి వదిలెయ్యలేదు. నాకు నచ్చింది అదే. దసరా సెలవుల తర్వాత ఒక తెల్లకాగితం మీద తను చేస్తున్న పనులన్నీ వరసగా రాసి కరస్పాండెంటుగారి ముందు పెట్టింది. ఏడవలేదు, గొడవ పడలేదు. "జీతం సంగతి జూన్‌లో చూద్దామంటున్నారు, సరే. ఈలోపు బస్సు డ్యూటీ వారానికి మూడు రోజులే చేస్తాను, ఫీజు ఫోన్లు ఆఫీసుకే ఇచ్చెయ్యండి, వైస్ ప్రిన్సిపాల్‌గా నియమించినట్టు తారీఖు వేసి ఆర్డరు కాగితం ఇవ్వండి" అంది. రెండు రోజులు ఆలోచించి మూడింటికీ ఒప్పుకున్నారు. డబ్బుకి గట్టివాళ్లు మిగతావాటికి ఒక్కోసారి మెత్తగానే ఉంటారు, అడిగేవాళ్లే ఉండరు. ఇప్పుడు తన దగ్గర కాగితం ఉంది. రేపు ఇంకో స్కూలుకి అర్జీ పెట్టుకుంటే 'పదకొండేళ్ల టీచరు' వేరు, 'వైస్ ప్రిన్సిపాల్‌గా చేసిన టీచరు' వేరు. ఉత్త పేరుకి ధర పలికేది ఎప్పుడూ పక్క దుకాణంలోనే. అక్కడ చూపించడానికి రుజువుండాలి. తలుపు మీద పలక ఊడబీకి పట్టుకెళ్లలేం కదా!

ఇక బట్టల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో, నర్సింగ్ హోముల్లో పనిచేసే అమ్మాయిల సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. మీ అమ్మాయో, కోడలో, చెల్లెలో అక్కడ ఉంటే మరీ జాగ్రత్తగా. ఎందుకంటే ఇక్కడ పోయేది నిద్రొక్కటే కాదు.

ఒక సేల్స్ గర్ల్‌కి నెల జీతం 20,400 అనుకోండి. ఇ.ఎస్.ఐ. కింద ఆమె జీతంలోంచి నూటికి 75 పైసల చొప్పున 153 రూపాయలు కోస్తారు. యజమాని నూటికి మూడుంపావు వేస్తాడు. 2019 జూలై నుంచి ఆ రేట్లు. ఆ 153కి ఆమెకీ, భర్తకీ, పిల్లలకీ, ఆమె మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ వైద్యం ఉంటుంది. జబ్బు చేస్తే సెలవు జీతం, కాన్పుకి సెలవూ జీతమూ ఉంటాయి. ఇంత తక్కువ డబ్బుకి ఇంత రక్షణ బయట ఏ ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వదు. హైదరాబాదు సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ముందు పొద్దున్నే ఒకసారి నిలబడితే, ఆ కార్డు మీద ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో కళ్లకి కడుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయిని 'ఫ్లోర్ ఇన్‌చార్జి' చేశారు. వెయ్యి రూపాయలు పెంచారు. జీతం 21,400. బాగానే ఉందిగా అంటారా? ఇ.ఎస్.ఐ.కి జీతం హద్దు 21,000 అని 2017 జనవరిలో పెట్టారు. గీత దాటింది! ఆ 153 కోత ఆగుతుంది కాబట్టి చేతికి 1,153 ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. కార్డు పోతుంది. తల్లికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాల్సిన ఇల్లయితే ఆ 1,153 ఏ మూలకి? తల్లి వయసు అరవై దాటి, జబ్బు ముందే ఉంటే బయట ఇన్సూరెన్సు దొరకడమూ కష్టమే, దొరికినా ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి.

దీంట్లో ఒక కిటుకుంది, అది చాలామందికి తెలియదు. ఇ.ఎస్.ఐ. చందా ఏడాదికి రెండు భాగాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. భాగం మధ్యలో జీతం హద్దు దాటితే ఆ భాగం పూర్తయ్యేదాకా తీసెయ్యకూడదు. కోత కొనసాగుతుంది, హక్కూ కొనసాగుతుంది. పైగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి, తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనాలుంటాయి. అంటే పెంపు ఏప్రిల్ ఒకటిన కాకుండా మే నెలలో వేస్తే ఆ అమ్మాయికి ఎంత వెసులుబాటో చూడండి. ఒక్క నెల తేడా! యజమానికి పెద్దగా పోయేదేమీ లేదు, అడిగితే ఒప్పుకునేవాళ్లుంటారు. హద్దు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి మీకు అవసరం వచ్చిన రోజున ఎంత ఉందో దగ్గర్లోని బ్రాంచి ఆఫీసులో అడిగి కనుక్కోండి. 'పెంచితే కార్డు పోకుండా ఉండేంతైనా పెంచండి, లేదా పోయినా ఫరవాలేనంత పెంచండి' అని చెప్పడం అత్యాశేమీ కాదు.

ఇన్‌చార్జి అనగానే తగిలే ఇంకో తంటా 'షార్టేజి'. స్టాకు తక్కువొస్తే ఇన్‌చార్జి జీతంలో కోత. చీర ఎవరు ఎత్తుకెళ్లారో దేవుడికెరుక, కట్టేది మాత్రం ఈవిడ. అలా ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదండీ. ఆ సరుకు ఆమెకి అప్పజెప్పి ఉండాలి, ఆమె అజాగ్రత్త వల్లే పోయిందని తేలాలి, ఆమె చెప్పేది వినాలి. అప్పుడే కోత. పాత వేతనాల చట్టంలోనూ అదే ఉంది, 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. ప్రమోషను కాగితం మీద సంతకం పెట్టే ముందు, 'స్టాకు నష్టానికి నాదే పూచీ' అన్న వాక్యం ఎక్కడైనా చిన్నక్షరాల్లో దాక్కుందేమో చూడమని చెప్పండి. బియ్యంలో రాళ్లు ఏరే కళ్లు మనవి, అది మాత్రం కనబడదా?

మగవాళ్ల సంగతికొద్దాం. మీవారు ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే 'సూపర్‌వైజరు' అన్న మాట వినగానే ఓవర్‌టైమ్ గుర్తు తెచ్చుకోండి. ఉదాహరణకి నెల జీతం 18,000. 26 రోజులు, రోజుకి 8 గంటలు. గంటకి ఎనభై ఆరున్నర రూపాయలు పడుతుంది. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు, అంటే 173. నెలకి 16 గంటలు చేసేవారైతే 2,769 రూపాయలు. ఇన్నాళ్లూ పాలవాడి బిల్లు, కేబుల్ బిల్లు, పిల్లాడి ట్యూషను ఆ డబ్బుతోనే గడిచాయి. సూపర్‌వైజరుని చేసి రెండు వేలు పెంచి, "ఇక మీరు స్టాఫ్ అండీ, ఓవర్‌టైమ్ ఉండదు" అంటారు. గంటలు తగ్గవు. నెలకి 769 రూపాయలు పోగొట్టుకుని ఆ సాయంత్రం మనం మడతకాజాలు పంచుతాం!

చట్టం ఏమంటుందంటే, పర్యవేక్షణ పని చేస్తూ జీతం ఒక హద్దు దాటినవాళ్లు 'కార్మికులు' కారు, వాళ్లకి కార్మిక వివాదాల రక్షణ ఉండదు. 2010 నుంచి ఆ హద్దు 10,000 ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లో 18,000 చేశారు. అయితే పేరు సూపర్‌వైజరైనంత మాత్రాన చాలదు. ఆ మనిషి నిజంగా చేసే ముఖ్యమైన పని ఏమిటన్నదే చూడాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మెడలో సూపర్‌వైజరు కార్డు వేసుకుని పొద్దస్తమానం అదే మిషను మీద పనిచేస్తుంటే, కార్డు మాట చెల్లదన్నమాట. కాబట్టి రోజూ చేసిన పని ఒక డైరీలో రాసి పెట్టుకోమని చెప్పండి. "ఇవన్నీ నీకెందుకే" అంటారు. అననివ్వండి.

గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్లలో ఈ కథ ఇంకో రకం. అక్కడ డబ్బు ముందొస్తుంది, పేరు తర్వాతొస్తుంది! మన రెండు రాష్ట్రాల్లోనూ ఒకే పోస్టులో ప్రమోషను లేకుండా ఉండిపోతే 6, 12, 18, 24 ఏళ్లకి స్కేలు పెంచే పద్ధతి ఉంది. పన్నెండేళ్లకి వచ్చేది పై పోస్టు స్కేలే. తర్వాత ఏ పద్నాలుగో ఏటో నిజం ప్రమోషనొస్తే, ముందే తినేసిన భోజనానికి విస్తరి వేసినట్టుంటుంది. మామూలుగా అయితే ఎఫ్.ఆర్. 22-బి కింద ఒక ఇంక్రిమెంటు కలిపి, ఆపైన ఇంకో మెట్టు ఎక్కిస్తారు. పన్నెండేళ్ల స్కేలు తీసుకున్నవారికి ఎఫ్.ఆర్. 22(ఎ)(ఐ) కింద ఒక్క మెట్టే. కేంద్ర ఉద్యోగులకి 2008 సెప్టెంబరు నుంచి 10, 20, 30 ఏళ్ల పద్ధతి. అక్కడ ముందే ఆ లెవెల్ వచ్చేసి ఉంటే ప్రమోషనుకి ఆ ఒక్క మెట్టూ లేదు. సున్నా! ముందు రాకపోతే మాత్రం ఉంటుంది. 2016 నాటి ఏడో పే కమిషను పట్టికలో నాలుగో లెవెల్లో 32,300 మూలవేతనం ఉన్నవారు అయిదో లెవెల్‌కి వెళితే 33,900 అయ్యారు. పదహారు వందలు.

"ప్రమోషనొచ్చి రూపాయి పెరగలేదట, ఎవరికో లంచం ఇచ్చి ఉంటే పెరిగేదేమో" అని వియ్యపురాలు సాగదీస్తే బాధపడకండి. డబ్బు మీ ఇంటికి ముందే వచ్చి ఖర్చయిపోయింది, అంతే. కాకపోతే కేంద్ర ఉద్యోగులైతే ఒక సంగతి మరిచిపోకూడదు. కొత్త జీతం ప్రమోషను రోజు నుంచే కట్టాలా, తర్వాతి ఇంక్రిమెంటు తారీఖు నుంచి కట్టాలా అన్నది మనమే కోరుకోవచ్చు. నెలలోపు రాసివ్వాలి. ఏది లాభమో ఇంక్రిమెంటు నెలని బట్టి మారుతుంది. ఆఫీసులో లెక్కలు బాగా తెలిసిన క్లర్కుగారు ఎవరో ఒకరుంటారు, ఆయన్ని కాఫీకి పిలవండి.

మరి వద్దనేస్తే? బ్యాంకుల్లో క్లర్కులుగా ఉన్న ఆడవాళ్లు ఎంతోమంది ఆఫీసరు పరీక్ష రాయడమే మానేశారు. పిల్లాడు టెన్తు, మామగారికి పక్షవాతం, ప్రమోషనిస్తే ఎక్కడో దూరం బ్రాంచి. వాళ్లని తెలివితక్కువవాళ్లనడం నాకు నచ్చదు. ఇల్లు రెండుగా చీలితే రెండో ఇంటి అద్దె, గ్యాసు కనెక్షను, వారం వారం బస్సు చార్జీలు అన్నీ వాళ్లు లెక్క చూసుకున్నాకే ఆ నిర్ణయం. అయితే వద్దనడానికీ ధర ఉంటుంది. కేంద్ర ప్రభుత్వంలో ఒకసారి కాదంటే ఏడాది దాకా మళ్లీ పిలవరు. పై స్కేలు రాకముందే ప్రమోషను కాదన్నవాళ్లకి తర్వాత ఆ స్కేలూ రాదు. రాష్ట్ర ఉద్యోగుల్లోనూ ప్రమోషను వదులుకున్నవారు ఏళ్ల లెక్కన వచ్చే స్కేళ్లు పోగొట్టుకుంటారు. కాబట్టి నోటితో "వద్దులెండి" అనేసి రాకుండా, వద్దంటే ఏమేం పోతాయో కాగితం మీద రాయించుకుని, రెండు రోజులు ఇంట్లో మాట్లాడుకుని అప్పుడు చెప్పాలి.

పార్టీ సంగతి కూడా ఒక మాట. ఆఫీసులో నలభై మందికి స్వీటూ హాటూ, అపార్టుమెంటులో ఇరవై ఇళ్లకి పూతరేకులు, మరిదికి హోటల్లో బిర్యానీ. చూస్తూ చూస్తూ ఏడెనిమిది వేలు. నెలకి అయిదొందలు పెరిగినవారికి అది తీరడానికి ఏడాది పైనే పడుతుంది. కొత్త జీతం బ్యాంకులో పడిన నెల చూసి పంచుదాం అంటే ఎవరూ కాదనరు. ఈలోపు దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఇంట్లో ఇంత సేమ్యా పాయసం చేసుకోండి. అది చల్లారేలోపు ఆర్డరు కాగితం తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని చదవండి. హోదా పేరు, ఏ తారీఖు నుంచి, మూలవేతనం ఎంత, అలవెన్సులెంత, ఏ ఊళ్లో, ఎన్ని గంటలు. పెరిగింది మూలవేతనంలోనా, అలవెన్సులోనా అన్నది ముఖ్యం, గ్రాట్యుటీ లెక్కలో అన్ని అలవెన్సులూ కలవవు. తర్వాత జెరాక్సు ఒకటి తీయించి, రేషన్ కార్డూ కరెంటు బిల్లులూ పెట్టే ప్లాస్టిక్ కవర్లో కాదు, మీ నగలుండే అరలో పెట్టండి.